అక్షరం డ్రమ్ము పక్కనే పుట్టింది

ఆఫీసులో పదిమంది ఎవరి బల్ల దగ్గర వాళ్లు కూర్చుని ఒకే లేజర్ ప్రింటరుకు కాగితాలు పంపుకుంటారు. ఈ ఏర్పాటుకు తొలి రూపం 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల ‘పార్క్’లో తయారైంది. దాని పేరు ఇయర్స్. ఈథర్‌నెట్, ఆల్టో కంప్యూటరు, అక్షరాలను చుక్కలుగా మార్చే యంత్రం, లేజరుతో గీసే ప్రింటరు: ఈ నాలుగింటి ఇంగ్లిషు పేర్లలోని మొదటి అక్షరాలు కలిస్తే వచ్చిన పేరది. ఈ నాలుగూ ఒకదానికొకటి ఒదిగిన తీరు నాకు ఎంత చూసినా తనివి తీరదు.

ప్రింటరు గ్యారీ స్టార్క్‌వెదర్‌ది. ఆయన చదువు కాంతిశాస్త్రం. కాపీ యంత్రంలో అసలు కాగితం మీద పడి తిరిగొచ్చే వెలుగు డ్రమ్ము మీద బొమ్మ కడుతుంది. అసలు కాగితమే లేకుండా, కంప్యూటరు చెప్పినట్టు వెలిగి ఆరే లేజరు కిరణంతోనే ఆ బొమ్మ గీయవచ్చన్నది ఆయనకు 1967లో న్యూయార్క్ రాష్ట్రంలోని వెబ్‌స్టర్‌లో ఉండగా తట్టిన ఆలోచన. అక్కడ ప్రోత్సాహం దొరకలేదు. 1971 మొదట్లో పార్క్‌కు మారారు. ఆ ఏడాది నవంబరుకల్లా జిరాక్స్ 7000 అనే కాపీ యంత్రాన్ని మార్చి ప్రింటరు చేశారు. అంగుళానికి 500 చుక్కలు, సెకనుకు ఒక పేజీ.

ఆ యంత్రంలో కిరణాన్ని డ్రమ్ముకు అడ్డంగా నడిపించేది పలకలు పలకలుగా ఉండి గిర్రున తిరిగే అద్దం. ఒక్కో పలక ఒక్కో గీత గీస్తుంది. పలకల్లో ఏ ఒక్కటి రవ్వంత పైకో కిందికో వాలినా దాని గీత పక్క గీత మీద పడుతుంది, అక్షరం అంచు చెదురుతుంది. ఆ వాలును ఆర్క్ సెకన్లలో, అంటే డిగ్రీలో 3,600వ వంతుల్లో అదుపు చెయ్యాలి. అంత నిక్కచ్చిగా అద్దం చెక్కించాలంటే ఖర్చు భరించలేనిది. స్టార్క్‌వెదర్ అద్దాన్ని బాగుచేసే దారి వదిలేశారు. నిలువు దిశలో మాత్రమే కాంతిని వంచే స్తూపాకారపు కటకాన్ని కిరణం దారిలో పెట్టారు. పలక వాలడం వల్ల కిరణం కాస్త పైకి పోయినా కిందికి పోయినా ఆ కటకం దాన్ని తెచ్చి అదే గీత మీద నిలుపుతుంది. అద్దంలో లోపం ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఈ యంత్రంలో నేను అన్నిటికన్నా ఎక్కువ మెచ్చుకునేది ఈ గాజుముక్కనే.

ఇక లెక్క చూడండి. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు ఉన్న కాగితం మీద అంగుళానికి 500 చొప్పున చుక్కలంటే 2 కోట్ల 30 లక్షల పైమాట. అక్కడి ఈథర్‌నెట్ సెకనుకు మోసేది 29 లక్షల 40 వేల బిట్లు. పేజీని చుక్కలుగా తీగ మీద పంపితే ఎనిమిది సెకన్లు పడుతుంది. ప్రింటరేమో సెకనుకో పేజీ అడుగుతోంది.

అందుకే అక్షరాన్ని ఆల్టోలో చుక్కలుగా విడగొట్టలేదు. ఏ అక్షరం, ఏ ఫాంటు, కాగితం మీద ఎక్కడ అన్న సమాచారం మాత్రమే తీగ మీద నడుస్తుంది. మామూలు పేజీకి అది సెకనులో చిన్న భాగం. చుక్కలు తయారయ్యేది ప్రింటరు పక్కన, బట్లర్ లాంప్సన్, రాన్ రైడర్ రూపొందించిన యంత్రంలో. దాని పని తేలికేం కాదు. లేజరు ఒక్కో అక్షరం రాసుకుంటూ పోదు, పేజీకి అడ్డంగా సన్నని గీతలు గీస్తుంది. ఆ గీత మీదికొచ్చే అక్షరాలన్నిటి నుంచీ ఒక్కో పలచని ముక్క కోసి, వరుసలో పేర్చి, సమయానికి అందించాలి. డ్రమ్ము ఎవరి కోసమూ ఆగదు.

ఈథర్‌నెట్‌ను బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కట్టారు. మెట్‌కాఫ్ తన ఆలోచనను కాగితం మీద పెట్టిన తేదీ 1973 మే 22. హవాయిలో రేడియో మీద నడిచిన అలోహా వ్యవస్థ నుంచి ప్రేరణ పొందారు. ఒకే కేబుల్, దాని మీద పెత్తనం ఎవరికీ లేదు. పంపదలచిన యంత్రం ముందు వింటుంది, కేబుల్ ఖాళీగా ఉంటే ప్యాకెట్టు పంపుతుంది. పంపుతూనే వింటుంది కూడా. ఇంకొకరి ప్యాకెట్టుతో ఢీకొన్నట్టు తెలిస్తే ఇద్దరూ ఆగి, తోచినంత సేపు ఎవరికి వారు వేచి, మళ్లీ మొదలుపెడతారు. అరుగు మీద ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి నోరు తెరిచి, “మీరు కానివ్వండి” అని తగ్గినట్టే. ఢీకొన్న కొద్దీ ఆ వేచివుండే గడువు రెట్టింపవుతూ పోతుంది కనుక, రద్దీ పెరిగితే అందరూ వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు. 29 లక్షల 40 వేలన్న అంకె కూడా ఊరికే రాలేదు. ఆల్టో గడియారం 170 నానోసెకన్లకోసారి కొట్టుకుంటుంది. రెండు కొట్టుళ్లకు ఒక బిట్టు. కంప్యూటరులో ఉన్న గడియారమే నెట్‌వర్కుకూ సరిపోయింది.

1982లో పార్క్ నుంచి బయటికొచ్చిన జాన్ వార్నాక్, చార్ల్స్ గెష్కీ అడోబీ స్థాపించారు. వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ భాష 1985లో ఆపిల్ లేజర్‌రైటర్‌లోకి ఎక్కింది. అక్కడా అదే పని విభజన: కంప్యూటరు పేజీని వర్ణిస్తుంది, ప్రింటరు చుక్కలు చేస్తుంది. వర్ణన అందినా అక్షరరూపం అందకపోతే ఏమవుతుందో తెలుగు డీటీపీ చేసేవాళ్లకు బాగా తెలుసు. ఫైలు తీసుకెళ్తే ప్రెస్సులో అడిగే మొదటి మాట “కర్వ్స్ చేశారా?” అక్షరాలను ఇక్కడే గీతలుగా మార్చేస్తే అవతల ఆ ఫాంటు లేకున్నా పని నడుస్తుంది. అయితే ఆ తర్వాత అందులో అక్షరదోషం కనబడితే అక్కడ దిద్దడానికి వీలుండదు. వీలైతే ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదిగి పంపడం మేలని నా అభిప్రాయం.

లేజర్‌రైటర్ అంగుళానికి వేసింది 300 చుక్కలు. పది పాయింట్ల తెలుగు వరుసకు అక్కడ దక్కే ఎత్తు 42 చుక్కలు. పైన గుడి, నడుమ అక్షరం, కింద వత్తు, అన్నీ ఆ 42లోనే సర్దుకోవాలి. ర నడుమ చుక్క పెడితే ఠ, ప కింద చిన్న గీత తగిలిస్తే ఫ అయ్యే లిపి మనది. ఆ చుక్క చుట్టూ తెల్లదనం మిగలాలి, లేకపోతే టోనరు పూడ్చేస్తుంది. 600కు వెళ్తే అదే వరుసకు 83 చుక్కలు దొరుకుతాయి. జంట వత్తులున్న మాట కూడా అప్పుడు తేటగా దిగుతుంది.