యాసంగి ఎండకు తగిన టైరు

బొలెరోకో స్కార్పియోకో కొత్త టైర్లు వేయించాలని షాపుకు పోయినవాళ్లు ముందుగా అడిగేది కంపెనీ పేరు, ఆ తర్వాత ధర. ఆనక బటన్ల మీద చెయ్యేసి చూస్తారు. ఈ మధ్య వీటికి ఇంకో మాట తోడైంది: ఆల్ సీజన్. అన్ని కాలాలకూ పనికొచ్చే టైరంటే ఎవరికి చేదు? అయితే ఆ మాట మన కాలాలను చూసి పుట్టింది కాదు. 1977లో అమెరికాలో గుడ్‌ఇయర్ కంపెనీ టియెంపో అనే టైరుతో దాన్ని జనంలోకి తెచ్చింది. చలికాలానికో సెట్టు, వేసవికో సెట్టు మార్చుకునే తిప్పలు తప్పించడం దాని ఉద్దేశం. వేసవి టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల చలి దగ్గర నుంచి బిగుసుకుపోయి రోడ్డు మీద పట్టు తప్పుతుంది, ఆల్ సీజన్ రబ్బరు మెత్తగానే ఉంటుంది. కొన్ని టైర్ల పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు బొమ్మ కనిపిస్తాయి. మంచు మీద పరీక్షలో నెగ్గిందని దాని అర్థం. దుబ్బాకలో పుష్యమాసం తెల్లవారుజామున పది డిగ్రీలకు అటూ ఇటూ దిగితేనే మంట కాగుతాం. ఆ బొమ్మకు ఇక్కడ డబ్బు పెట్టడం దండుగ. మన టైరును చూడాల్సింది బరువుతో, వేడితో. బటన్ల రూపంతో కాదు.

ఈ బరువు, వేడి మనకు ఒకేసారి వస్తాయి, చిక్కంతా అక్కడే ఉంది. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరి 23న మొదలైంది. నీళ్లు అందినచోట యాసంగిలోనూ వరే. ఆ కోతలు పడేది ఏప్రిల్, మే నెలల్లో. వడ్లు కల్లం నుంచి ఐకేపీ కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి రైస్ మిల్లుకు బండ్ల మీద కదిలేది సరిగ్గా ఎండలు ముదిరిన రోజుల్లోనే. పెండ్లిళ్లూ అప్పుడే, బొలెరోలో పట్టినంత మంది ఎక్కేదీ అప్పుడే. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు ఎక్కువ కాగి ఉంటుంది. కానీ టైరును కాల్చేది రోడ్డు వేడి ఒక్కటే కాదు, దాని లోపలి వేడి ఇంకా ఎక్కువ. టైరు తిరిగే ప్రతిసారీ నేలకు తగిలిన భాగం నలిగి మళ్లీ లేస్తుంది. నలిగినప్పుడల్లా కొంత శక్తి వేడిగా రబ్బరులోనే ఉండిపోతుంది. బొలెరో టైరు చుట్టుకొలత రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు ఉంటుంది. అంటే గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది సార్లు నలుగుతుంది. బరువు పెరిగితే ఆ నలుగుడు లోతు పెరుగుతుంది, గాలి తగ్గినా పెరుగుతుంది. రామాయంపేట దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి గంటసేపు ఆపకుండా తోలితే ఆ వేడి చల్లారే సందే ఉండదు. ఉక్కు తీగల పొరకూ రబ్బరుకూ మధ్య అతుకు వదిలేది అలాంటప్పుడే.

అందుకే చెయ్యి వేయాల్సింది బటన్ల మీద కాదు, టైరు పక్కన అచ్చుపోసిన అంకెల మీద. బొలెరో టైరు మీద 215/75 ఆర్15 అని, దాని పక్కన 100ఎస్ అని ఉంటుంది. మొదటి అంకెలు సైజు. అవి అందరికీ తెలుసు, షాపతను అడిగేదీ అవే. ఎవరూ అడగనిది ఆ 100. అది బరువు గుర్తు. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని, 106 అంటే 950 కిలోలని. సైజు అంకెలు ఒకటే అయినా కార్ల కోసం చేసిన టైరు వేరు, ఎల్‌టీ అని రాసి ప్లై ఎక్కువ వేసిన పికప్ టైరు వేరు. సైజు కలిసిందని, వెయ్యి రూపాయలు తగ్గిందని పికప్‌కు కారు టైరు వేస్తే ఆ 150 కిలోల తేడా ఎక్కడికీ పోదు. కొనుగోలు కేంద్రంలో నింపే 40 కిలోల బస్తాల లెక్కన ఒక్కో చక్రం మీద దాదాపు నాలుగు బస్తాలు. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్‌లోనో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉన్న బరువు గుర్తు కంటే తక్కువది ఎంత మంచి కంపెనీదైనా కొనొద్దు. ఆ బరువు మోసేది కూడా దానికి చెప్పిన నిండు గాలి ఉన్నప్పుడే.

ఇక్కడ చాలామంది డ్రైవర్లు అడ్డు చెబుతారు. ఎండాకాలంలో గాలి తక్కువ కొట్టించాలి, లేకుంటే వేడికి ఉబ్బి పేలుతుందని. పెద్ద అనుభవం ఉన్నవాళ్లు కూడా నమ్మే మాట ఇది, వినడానికి సబబుగానే ఉంటుంది. వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, నిజమే. పది డిగ్రీలకు ఒకటిన్నర, రెండు పీఎస్ఐ పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే కంపెనీ చల్లటి టైరులో ఎంత గాలి ఉండాలో చెప్పింది. ఎండకు భయపడి నాలుగు పీఎస్ఐ తగ్గిస్తే టైరు మరింత నలిగి మరింత కాగుతుంది. ఏది తప్పించుకోవాలనుకున్నామో దాన్నే పిలిచినట్టు. వానకాలంలో కూడా ఈ తగ్గింపు పనిచేయదు. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గాలి మీద ఆధారపడుతుందని 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు విమానాల టైర్లను పరీక్షించి సూత్రం కట్టారు. ఆ లెక్కలో, అరిగి నున్నబడిన టైరులో 32 పీఎస్ఐ ఉంటే గంటకు 94 కిలోమీటర్ల దగ్గర, 24 ఉంటే 82 దగ్గరే నీటి మీద తేలుతుంది. పొద్దున బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించిన గాలే లెక్క.

రెండో అభ్యంతరం బటన్లది. పొలం బాట, నల్లరేగడి, వానకు బురద, కాబట్టి పెద్ద బటన్ల ఏటీ (ఆల్ టెరైన్) టైరే కావాలంటారు. రోజూ కంకర బాటల మీద, క్వారీల దగ్గర తిరిగే బండికి ఆ మాట ఒప్పుకుంటాను. ఆ టైరు పక్కలు దళసరిగా ఉంటాయి, రాయి కోతను ఓర్చుకుంటాయి. మిగతావాళ్లు మాత్రం నెలలో తిరిగిన దూరంలో తారు మీద ఎంత, బురదలో ఎంత అని నిజాయితీగా లెక్క వేసుకోవాలి. మన నల్లరేగడి తడిస్తే బంకలా అంటుకుంటుంది. రెండు చుట్లు తిరిగేసరికి ఏటీ బటన్ల సందులన్నీ నిండిపోతాయి, ఆపైన అది నున్నటి టైరే. రోడ్డు మీదికి వస్తే ఆ దళసరి రబ్బరు వేడిని పట్టి ఉంచుతుంది, డీజిల్ తాగుతుంది, తడి తారు మీద బ్రేకు కొడితే ఇంకొంచెం దూరం పోయి ఆగుతుంది. సిద్దిపేట, మెదక్, చేగుంట అంటూ తిరిగే బండికి నిలువు గాడులున్న హెచ్‌టీ (హైవే టెరైన్) టైరే సరైనది. వాన నీటిని బయటికి తోసేవి ఆ గాడులే. వాటి అడుగున అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. బటన్ అరిగి ఆ గట్టుకు సమమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. ఇంకో పంట గడవనీ అని ఆగకూడదు.

ఖర్చు మాట తీసివేయదగింది కాదు. ఒక బండి మీద ఇల్లు గడిచేవాళ్లకు నాలుగు టైర్లంటే చిన్న మొత్తం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడం కొంత ఊరట. రీబటన్ కొట్టించుకోవచ్చు కదా అంటే, లారీ వెనక చక్రాలకు సరే, ఆ ఉక్కు రేడియల్ టైర్లను మళ్లీ బటన్ వేసేలాగే తయారు చేస్తారు. బొలెరో టైరుకు అంత దమ్ముండదు. తగ్గింపు ధరకు వచ్చే పాత స్టాకు ఇంకో వల. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 1125 అంటే 2025లో 11వ వారంలో చేసింది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. మూడేళ్లు గోదాములో పడున్న టైరు కొంటే దాని ఆయుష్షులో మూడేళ్లకు మనం ఊరికే డబ్బు కట్టినట్టే. మన ఉమ్మడి మెదక్ జిల్లా సదాశివపేటలోనే ఎమ్మార్ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది. టైర్లు చేసే గడ్డ మీద ఉండి తాజా తేదీ అడగడానికి మొహమాటం ఎందుకు?

నాలుగూ ఒకేసారి కొనలేక రెండే వేయిస్తే వాటిని వెనక వేయించాలి. మనవాళ్లు స్టీరింగ్ ఉంది కదా అని ముందు వేయిస్తారు. తడి రోడ్డు మీద ముందు చక్రం జారితే కాలు తీసి వేగం తగ్గిస్తే బండి దారికి వస్తుంది, వెనక జారితే బండి తిరిగిపోతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా చాలామందికి అందదు. ముందుది పేలితే ఎలా అంటారా, పేలుతుందని అనుమానమున్న టైరు ఏ చక్రానికీ ఉండకూడదు. స్టెప్నీకి కూడా. విప్పిన పాతవాటిలో కాస్త మెరుగైనదాన్ని స్టెప్నీ కింద బిగించి ఏళ్ల తరబడి మరిచిపోతాం. వడ్ల బస్తాలతో నిండిన బండికి మే నెల మధ్యాహ్నం ఆ టైరు ఎక్కించాల్సి వస్తే దాని మీద ఉన్నదీ అదే బరువు. షాపులో జాకీ మీద ఉండగానే దాన్ని కిందికి దింపించి, ఆ నాలుగు అంకెలు చదివి, గాలి కొట్టించి మళ్లీ బిగించమనాలి.