తీర్పు దొరికింది, విమర్శ దొరకలేదు: న్యాయ వ్యాసాల అన్వేషణపై ఒక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు తీర్పుకు, తీర్పుపై వచ్చిన వ్యాసానికి గల తేడాను వివరించగలుగుతారు. గ్రంథాలయంలోని ఏ సాధనం ఎంతవరకు ఉపయోగపడుతుందో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

అసైన్‌మెంటు రాయడానికి కూర్చున్న న్యాయశాస్త్ర విద్యార్థి మొదట వెతికేది తీర్పు కోసం. సుప్రీంకోర్టు తీర్పులు ఇప్పుడు ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లోను, ఇండియన్ కానూన్‌లోను ఉచితంగా లభిస్తున్నాయి. ఇది ఆహ్వానించదగిన మార్పు. అయితే దీనితోపాటు ఒక అపోహ కూడా బలపడింది. తీర్పు దొరికితే పని పూర్తయిందని చాలామంది భావిస్తున్నారు. ఈ అపోహ వల్ల విద్యార్థి ఏమి కోల్పోతాడో ఒక ప్రసిద్ధమైన కేసు ఆధారంగా పరిశీలిద్దాం.

2. తుకారాం కేసు: తీర్పు తరువాతి కథ

1972లో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలికపై ఇద్దరు పోలీసులు లైంగిక దాడి చేశారన్నది అభియోగం. సెషన్స్ కోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. బొంబాయి హైకోర్టు శిక్ష విధించింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఆమె శరీరంపై గాయాలు లేకపోవడం, ప్రతిఘటించిన ఆనవాళ్లు కనిపించకపోవడం ఈ నిర్ణయానికి ముఖ్య కారణాలు.

ఏడాది తరువాత ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. సమ్మతి వేరు, లొంగుబాటు వేరు అన్నది అందులోని ప్రధాన వాదన. ఆ లేఖ దేశమంతటా మహిళా ఉద్యమానికి ఊపునిచ్చింది. 1983లో క్రిమినల్ చట్టాల సవరణ వచ్చింది. సాక్ష్య చట్టంలో 114-ఏ సెక్షన్ చేరింది. దీని ప్రకారం పోలీసు కస్టడీలో అత్యాచారం వంటి కేసుల్లో లైంగిక చర్య రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి.

తీర్పు ఒక్కటే చదివిన విద్యార్థికి నిందితులు విడుదలయ్యారని మాత్రమే తెలుస్తుంది. చట్టం ఎందుకు మారిందో తెలియాలంటే ఆ లేఖ చదవాలి.

3. కేటలాగు పరిమితి

తీర్పు సుప్రీంకోర్ట్ కేసెస్ అనే పత్రిక 1979 రెండవ సంపుటం, 143వ పుటలో ఉంది. లేఖ అదే సంవత్సరం నాలుగవ సంపుటంలోని జర్నల్ విభాగం, 17వ పుటలో ఉంది. అంటే తీర్పు ఉన్న సంపుటంలో దాని విమర్శ లేదు.

గ్రంథాలయ కేటలాగులో ‘మథుర’ అని వెతికితే ఉత్తరప్రదేశ్‌లోని పుణ్యక్షేత్రం గురించిన పుస్తకాలు రావచ్చు. కేసు అసలు పేరు ‘తుకారాం వర్సెస్ స్టేట్ ఆఫ్ మహారాష్ట్ర’. నిందితుడి పేరు శీర్షికలో నిలిచింది, బాధితురాలి పేరు వాడుకలో నిలిచింది. అసలు పేరుతో వెతికినా సాధారణంగా లేఖ కనిపించదు. ఎందుకంటే కేటలాగు పత్రిక పేరును, గ్రంథాలయంలో ఉన్న సంపుటాలను నమోదు చేస్తుంది తప్ప లోపలి వ్యాసాలను ఒక్కొక్కటిగా నమోదు చేయదు. ఈ సంగతి తెలియని విద్యార్థి “మా గ్రంథాలయంలో లేదు” అని తిరిగి వెళతాడు. బైండు చేసిన సంపుటం అదే గదిలో అలమరాలో ఉండవచ్చు.

ఈ లోటును పూరించేవి వ్యాస సూచికలు. ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ ప్రచురించే ‘ఇండెక్స్ టు ఇండియన్ లీగల్ పీరియాడికల్స్’ ఇందుకు ఉదాహరణ. ఉచిత తీర్పుల సైట్లకు అలవాటుపడినవారు ఇలాంటి సూచికలను పట్టించుకోకపోవడం విచారకరం.

4. డేటాబేసుల బలం, బలహీనత

ఎస్‌సీసీ ఆన్‌లైన్, మనుపాత్ర, హీన్‌ఆన్‌లైన్, జేస్టోర్ వంటి డేటాబేసులు వ్యాసం లోపలి మాటలను కూడా వెతుకుతాయి. ఇది వాటి బలం. కాని అవి సరిపోల్చేది మాటలను, భావాలను కాదు. లొంగుబాటుకు ఇంగ్లిషు పదమైన ‘సబ్మిషన్’ అని వెతికి చూడండి. కోర్టు భాషలో ఆ పదానికి న్యాయవాది వాదన అనే అర్థం కూడా ఉంది కాబట్టి సంబంధం లేని తీర్పులు కుప్పలుగా వస్తాయి. ‘కన్సెంట్’, ‘రేప్’, ‘కస్టడీ’ అనే పదాలను కలిపి వెతికితే ఫలితాలు తగ్గుతాయి, నాణ్యత పెరుగుతుంది. సెక్షన్ల సంఖ్యలూ మారాయి. 114-ఏ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 120వ సెక్షన్ అమలులో ఉంది. పాత వ్యాసాలకు పాత సంఖ్యతో, కొత్త వ్యాసాలకు కొత్త సంఖ్యతో వెతకాలి.

తెలుగు మాధ్యమ విద్యార్థికి మరో భారం ఉంది. అతడు ‘సమ్మతి’ అని చదువుకుంటాడు. డేటాబేసుకు తెలిసినది ‘కన్సెంట్’. కనుక ప్రతి పాఠంలోని పారిభాషిక పదాల పక్కన ఇంగ్లిషు పదాలను రాసుకోవడం అన్వేషణలో మొదటి మెట్టు.

5. దూరవిద్యా విద్యార్థి స్థానం

అనేక డేటాబేసులు క్యాంపస్ నెట్‌వర్క్‌లోనే తెరుచుకుంటాయి. క్యాంపస్‌కు రాలేని వారి కోసమే దూరవిద్య ఏర్పడింది. అందువల్ల ఈ ఏర్పాటు మన విద్యార్థికి ప్రతికూలంగా ఉందనక తప్పదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ వ్యవస్థలో చేరిన సంస్థల విద్యార్థులు బయటి నుంచి లాగిన్ కావచ్చు. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తున్నది. అయితే వాటిలో ఎక్కువ భాగం అంతర్జాతీయ ప్రచురణ సంస్థలవి. మనకు కావలసిన భారతీయ న్యాయ పత్రిక అందులో ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. లేకపోతే రచయిత, శీర్షిక, పత్రిక, సంవత్సరం, సంపుటం, పుట రాసి గ్రంథాలయాధికారిని అడగండి. “మథుర కేసు మీద ఏదైనా ఇవ్వండి” అనే అభ్యర్థన కంటే ఈ ఒక్క పంక్తి ఎక్కువ పని చేస్తుంది.

6. సారాంశం

తీర్పులు సులభంగా దొరకడం, వాటిపై విమర్శ కష్టంగా దొరకడం నేటి పరిస్థితి. దీనివల్ల కోర్టు చెప్పినదే చివరి మాట అనే అభిప్రాయం విద్యార్థిలో ఏర్పడే ప్రమాదం ఉంది. తుకారాం కేసులో చివరి మాట కోర్టుది కాలేదు. ఆ సంగతి తెలిపే పుటలను వెతికి చదవడం న్యాయవిద్యలో భాగమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గ్రంథాలయ కేటలాగులో పత్రికా వ్యాసాలు ఎందుకు కనిపించవు?
2. మీ పాఠ్యాంశంలోని ఒక తీర్పును ఎన్నుకొని, దానిపై వచ్చిన ఒక వ్యాసం పూర్తి వివరాలను సేకరించండి. తీర్పులో లేని ఏ విషయాన్ని ఆ వ్యాసం చెప్పిందో 10 పంక్తులలో రాయండి.