సర్దార్ చేతి దీపం
మీథేన్‌కు రంగూ వాసనా లేవు. గాలిలో 5 నుంచి 15 శాతం చేరితే నిప్పు తగిలి పేలుతుంది. ఖమ్మం సీమలో 1889లో ఇల్లెందు దగ్గర మొదలైన సింగరేణి తవ్వకంలో, భూగర్భంలో ఆ వాయువు జాడ పట్టే పని మైనింగ్ సర్దార్‌ది. అతని పనిముట్టు తీగవల చుట్టిన సేఫ్టీ ల్యాంప్, 1815 నాటి శాస్త్రవేత్త డేవీ ఊహకు వారసురాలు.

వత్తి బాగా తగ్గించి, దీపాన్ని మెల్లగా పైకప్పు దాకా ఎత్తుతాడు. తేలికైన వాయువు పేరుకునేది అక్కడే. మంటపై లేత నీలి టోపీ కనిపిస్తే మీథేన్ ఉన్నట్టే. టోపీ ఎత్తును చూసి శాతం చెప్పడం కంటికి అలవడాల్సిన విద్య, పుస్తకంతో వచ్చేది కాదు. 1.25 శాతం చేరితే మనుషులను బయటికి పంపించాలి. మంట మసకబారి ఆరితే ప్రాణవాయువు తగ్గినట్టు.

విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఈ దీపానికి చిక్కదు. దానికి వేరే డిటెక్టర్ కావాలి.