కారేచోటు చూస్తే జబ్బు తెలుస్తుంది

కొబ్బరి మానుమీద నల్లటి చార కనబడగానే రైతుల నోట నేను వినే మొదటి మాట ‘తారు పూసేద్దాం’. ఆ తొందరే నాకు భయం. చెక్కి శుభ్రం చేసిన గాయం మీద తారు పనికొస్తుంది. చూడకుండా పూస్తే మాత్రం లోపల తెగులు ఆగిందో, పాకుతోందో తెలుసుకునే వీలుండదు. మాను ఇలా కారడానికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి, మూడింటికీ వైద్యం వేరు. అందుకే ఎవరు తోటకు పిలిచినా, ముందు చెట్టు చుట్టూ నిదానంగా ఒకసారి తిరుగుదామంటాను.

మొదట చూడాల్సింది కారేచోటు. మానుమీద నిలువు పగుళ్లు, వాటిలోంచి ఎర్రగోధుమ రంగు రసం కారి, ఆరి, నల్లగా అట్టకట్టి ఉంటే అది జిగురు కారు తెగులు. 1906లో సింహళంలో పెచ్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త దీన్ని నమోదు చేశాడు. థీలావియోప్సిస్ అనే శిలీంధ్రం దీనికి మూలం. ఎండాకాలం నీరందక, వానాకాలం నీరు నిలిచి నలిగిపోయిన తోటల్లో దీని బెడద ఎక్కువ. ఉలితో మచ్చను కొద్దిగా లేపి చూడండి. పైకి రూపాయి బిళ్లంత కనిపించినా లోపల పసుపు, గోధుమ రంగు కుళ్లు అంతకు మించి పాకి ఉండొచ్చు. గట్టి, ఆరోగ్యమైన భాగం తగిలేదాకా చెక్కి, ఆ పెచ్చుల్ని తోటలో వదలకుండా కాల్చేసి, గాయానికి బోర్డో పేస్టు పూయాలి.

కారేది నేలకు దగ్గరగా, మొదట్లోనే అయితే తల పైకెత్తి చూడాలి. కింది మట్టలు పసుపెక్కి, వడలి, మాను చుట్టూ వేలాడుతుంటే గానోడెర్మాను అనుమానించాలి. ఇది వేళ్లను కుళ్లబెట్టే తెగులు. పైకి కారేసరికే కింద చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. మొదట్లో గట్టి పుట్టగొడుగు పొడుచుకొచ్చిందంటే చెట్టు చెయ్యి దాటినట్టే. ఇక్కడ మానుకు ఎంత పూత పూసినా ఫలితం లేదు. చూసుకోవాల్సింది పక్కచెట్లను. ఆ పాదులోని నీరు మరో పాదులోకి పారనివ్వకూడదు. జబ్బు చెట్టు చుట్టూ కందకం తవ్వాలి. చుట్టుపక్కల చెట్లకు ట్రైకోడెర్మా కలిపిన వేపపిండి, చెట్టుకు 5 కిలోల చొప్పున పాదుల్లో వేయాలి.

మూడోది ఎర్రముక్కు పురుగు. ఇక్కడ పగులుండదు, రంధ్రం ఉంటుంది. దాంట్లోంచి గోధుమరంగు జిగట, దానితోపాటు నమిలి వదిలిన పీచు బయటికి వస్తాయి. పులిసిన వాసన కొడుతుంది. మానుకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటే లోపల పురుగు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఎన్నిసార్లు విన్నా ఆ చప్పుడు నాకు గుండెల్లో గుబులే. పైకి పచ్చగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి తల వాల్చేసేది దీనివల్లే. కింది రంధ్రాలన్నీ మూసి, అన్నిటికంటే పైనున్న దాంట్లోంచి గరాటుతో మందు పోసి, దాన్నీ మూసేయాలి.

ఈ పురుగు గాయాల్లో గుడ్లు పెడుతుంది. ఎక్కడానికి మానుమీద కొట్టిన మెట్లు, మొదలంటా నరికిన పచ్చిమట్టలు దానికి దారులు. ఆ దారులు తెరిచేది మన కత్తే కాబట్టి, మూసే బాధ్యతా మనదే.

అనుమానం తీరకపోతే చెక్కిన ముక్కను అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానానికి పట్టుకెళ్లి చూపించండి. అంతకంటే ముందు మీ దింపు కార్మికులను అడగండి. చెట్టు చెట్టుకూ ఎక్కి దిగేది వాళ్లే. మనం కింద నిలబడి చూడలేని పగులూ, రంధ్రమూ వాళ్ల కళ్ల ముందు నుంచే పోతాయి. గెలల లెక్కతోపాటు ‘ఏ చెట్టుకు ఏం కనిపించింది’ అని కూడా అడిగే రైతుకు, తెగులు ఇంకా వైద్యానికి లొంగే దశలోనే దొరుకుతుంది.