అంతర్జాల సువార్త – భాష, శ్రోత: కడప జిల్లా నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు క్రైస్తవ ప్రచారం కరపత్రం, రేడియో, చలనచిత్రం అనే దశలు దాటి అంతర్జాలానికి చేరింది. ఈ ప్రయాణాన్ని సాధారణంగా సాంకేతిక విజయంగానే వివరిస్తున్నారు. సాధనం మారినంతగా భాష మారలేదనీ, సంఘంలోని విశ్వాసుల కోసం రూపొందిన భాషనే బయటి పాఠకుని ముందుంచడం అంతర్జాల క్రైస్తవ రచనలోని మూలలోపమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల మాటతీరును, మిషనరీ చరిత్రను ఆధారం చేసుకుని, ముఖ్యంగా ‘సాక్ష్యం’ అనే ప్రక్రియ అంతర్జాలంలో పొందుతున్న రూపాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రైస్తవ సాహిత్యం, అంతర్జాలం, సువార్త, సాక్ష్యం, కడప మాండలికం, శ్రోత, దళిత క్రైస్తవులు.

1. ఉపోద్ఘాతం

తెలుగు అక్షరం అచ్చులోకి వచ్చిందే సువార్త కోసం. బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు జర్మనీలోని హాలే పట్టణంలో 1746–47 ప్రాంతంలో ముద్రితమయ్యాయి. లండన్ మిషనరీ సొసైటీ పక్షాన 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజిలు ఆనందరాయరు తోడ్పాటుతో ప్రారంభించిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. కొత్త సాధనం కనబడగానే అందుకోవడం ఈ సంప్రదాయానికి మొదటినుంచీ అలవాటే. బజారు ప్రసంగం, కరపత్రం, షార్ట్‌వేవ్ రేడియో, 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రాన్ని పల్లెల్లో తెర కట్టి చూపడం అన్నీ ఆ వరుసలోనివే. అంతర్జాలం వాటి తరువాతి మెట్టు. కాబట్టి క్రైస్తవ పరిచర్య అంతర్జాలంలోకి ఎందుకు వెళ్లిందన్నది పెద్ద ప్రశ్న కాదు. వెళ్లినప్పుడు ఏ భాషను వెంట తీసుకుపోయింది, ఎవరితో మాట్లాడుతున్నాననుకుంది అన్నవే విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు.

ఈ ప్రశ్నలు తెలుగు శాఖల్లో అంతగా వినబడలేదు. మన పాఠ్యప్రణాళికల్లో క్రైస్తవ సాహిత్యం అంటే పురుషోత్తమ చౌదరి కీర్తనలు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’. ఆ తరువాత దాదాపు నిశ్శబ్దమే. ఈ రోజు ఒక సామాన్య క్రైస్తవ కుటుంబం వింటున్న, చదువుతున్న, తిరిగి పంపుకుంటున్న రచన ఈ పరిధిలో ఎక్కడా కనబడదు. దాన్ని సాహిత్యం అనవచ్చునా అని సందేహించేవారు స్థలపురాణాలను, తత్త్వాలను, హరికథలను మనం ఎలా పరిశోధనాంశాలుగా స్వీకరించామో గుర్తు చేసుకోవాలి.

2. బ్లాగు నుండి ఫోనుకు

1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు లిపి ఉన్నా, మామూలు పాఠకుడు కంప్యూటరులో తెలుగు రాయగలగడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 2005 తరువాత తెలుగు బ్లాగులు విస్తరించిన కాలంలోనే క్రైస్తవ ధ్యానాలు, ప్రసంగపాఠాలు, పాటల పాఠ్యాలు అంతర్జాలంలో చేరసాగాయి. అయితే బ్లాగుకు కంప్యూటరు కావాలి, టైపు చేసే నేర్పు కావాలి, కూర్చుని చదివే తీరిక కావాలి. పులివెందుల చుట్టుపక్కల చీనీతోటల్లో కూలికి పోయే కుటుంబానికి ఈ మూడింటిలో ఏదీ అందుబాటులో లేదు. 2016లో జియో రాకతో డేటా చౌకగా దొరకడం, 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల ఆరాధనలు ఆగిపోవడం అనే రెండు సంఘటనలు పరిస్థితిని మార్చాయి. కాగితపు పాటలపుస్తకం నుండి చాలామంది నేరుగా ఫోనులోని వీడియోకు వచ్చారు. బ్లాగు అనే మధ్యమెట్టు వారి అనుభవంలో లేదు.

దీనివల్ల ఒక విచిత్ర పరిస్థితి ఏర్పడింది. రాతరూపంలో ఉన్న క్రైస్తవ అంతర్జాల సాహిత్యాన్ని రాసేది, చదివేది ప్రధానంగా చదువుకున్న పట్టణవాసులు. వినేరూపంలో ఉన్నది అందరికీ అందుతోంది. ఈ రెండూ ఒకే భాషలో ఉన్నాయా అని చూస్తే, లేవు. ఆ తేడాలోనే అసలు విషయమంతా ఉంది.

3. చదివేది ఒకటి, చెప్పేది ఒకటి

ప్రార్థనాకూటంలో ప్రసంగం నడిచే తీరును శ్రద్ధగా వింటే రెండు భాషలు వినబడతాయి. బోధకుడు ముందు వాక్యం చదువుతాడు. అది పాత తర్జుమాలోని గ్రాంథికం. ‘ఏలయనగా’, ‘నిమిత్తము’, ‘లాగున’, ‘కలుగునుగాక’ వంటి మాటలు అందులో ధారగా వస్తాయి. ఆ వెంటనే పుస్తకం మీద వేలుంచి, తలెత్తి, దాని భావాన్ని ఊరి మాటలో చెబుతాడు. పంట గురించి చెబుతాడు, అప్పు గురించి చెబుతాడు, ఎదురుగా కూర్చున్న పెద్దమ్మను పలకరించి ఉదాహరణలోకి లాగుతాడు. పురాణ కాలక్షేపంలో పద్యం చదివి తాత్పర్యం చెప్పే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. పుట్టపర్తి నారాయణాచార్యులు, గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని వంటివారు సాహిత్య వాతావరణాన్ని నింపిన ప్రొద్దుటూరులో పద్యం విని తాత్పర్యం కోసం ఎదురుచూసే శ్రోత అపరిచితుడు కాడు. ఆ శ్రోత అలవాటు మతాల గోడ దాటి వచ్చిందని నా అభిప్రాయం.

ఇదే ప్రసంగం వ్యాసంగా మారి అంతర్జాలంలో చేరినప్పుడు రెండో భాష మాయమవుతుంది. తాత్పర్యం కూడా చదివిన వాక్యపు గ్రాంథికాన్ని అనుకరిస్తుంది. అప్పు, పంట, పెద్దమ్మ తొలగిపోయి ‘లోకసంబంధమైన శ్రమలు’ అనే మాట మిగులుతుంది. పవిత్రగ్రంథపు భాష గంభీరంగా ఉండాలన్నది అర్థం చేసుకోదగిన కోరికే. గ్రాంథికంలో ఒక నాదముంది, తరాలుగా కంఠస్థమైన ఆత్మీయత ఉంది. దాన్ని వాడుకభాషలోకి మార్చగానే అన్నీ చక్కబడతాయన్న వాదంతో నేను ఏకీభవించను. 2019లో స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ వంటి అనువాదాలు అందుబాటులోకి వచ్చినా విశ్వాసుల నాలుకపై పాత తర్జుమాయే నిలిచి ఉండడానికి కారణం ఆ నాదమే. నా ఆక్షేపణ చదివే వాక్యం మీద కాదు, తాత్పర్యం కూడా అదే వేషం వేసుకోవడం మీద.

4. ‘అన్యులు’ అనే మాట

కూటంలో పలికిన మాట కూటంలోనే ఉండేది. అంతర్జాలంలో రాసిన మాటను పొరుగింటివారు కూడా చదువుతారు. ఈ సంగతిని అంతర్జాల సువార్త ఇంకా పూర్తిగా గ్రహించినట్లు లేదు. ‘అన్యులు’ అనే ఒక్క పదాన్ని తీసుకుందాం. బైబిలు అనువాదంలో యూదులు కాని జాతులను చెప్పడానికి ఏర్పడిన పదమిది. సంఘపు వాడుకలో క్రైస్తవేతరులందరికీ వర్తించే పేరుగా స్థిరపడింది. నలుగురు విశ్వాసుల మధ్య దాన్ని ఎవరూ గమనించరు. కానీ ‘అన్యులకు సువార్త’ అన్న శీర్షికతో ఒక రచనను లోకానికి విడుదల చేసినప్పుడు, ఆ రచన ఎవరిని పిలుస్తోందో వారినే పరాయివారిగా పేర్కొంటోంది. ఆహ్వానపత్రిక మీద అతిథిని పరాయివాడని రాయడం వంటిది ఇది. ‘విగ్రహారాధికులు’, ‘చీకటిలో ఉన్నవారు’ అనేవీ ఈ కోవలోనివే. జమ్మలమడుగు సంతలో నిలబడి మాట్లాడిన పాతకాలపు బోధకుడు ఎదుటివారి ముఖాలు చూసి మాట మార్చుకోక తప్పేది కాదు. తెర ముందు కూర్చుని రాసేవాడికి ఆ ముఖాలు కనబడవు.

కడప ప్రాంతపు బోధసాహిత్యాన్ని చూస్తే ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. వేమన పద్యపు మకుటంలోనే వినేవాడున్నాడు. వీరబ్రహ్మం బోధను జనం సిద్ధయ్యతో జరిగిన సంభాషణగా గుర్తు పెట్టుకున్నారు. ఆ శిష్యుడు దూదేకుల కులస్థుడు కావడం కూడా ఆ స్మృతిలో భాగమే. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను సేకరించి 1829లో ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. జనం నోళ్లలో ఉన్న కవిని వెతుక్కుంటూ తెలుగులోకి ప్రవేశించాడాయన. బ్రౌన్ మిషనరీ కాడు. అయినా 1822లో కడపలో లండన్ మిషన్ పని మొదలైన కాలంలోనే, అదే ఊరితో ముడిపడిన మనిషి భాష విషయంలో చూపిన ఈ దారి గమనించదగినది. వినేవాడి నోటిలోని మాటను ముందు నేర్చుకుని, ఆ తరువాతే తన మాట చెప్పాలన్నది ఆ దారిలోని సూచన.

5. ఆసుపత్రి వరండా

జమ్మలమడుగులో లండన్ మిషన్ నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి ఈ చర్చకు అనుకోని కోణాన్ని అందిస్తుంది. డాక్టర్ టి.వి. క్యాంబెల్ పేరు మీద నిలిచిన ఆ సంస్థ దక్షిణ ఇండియా సంఘం కిందికి వచ్చి కొనసాగింది. వైద్యపరిచర్యను చరిత్రకారులు సేవగానో, మతప్రచార వ్యూహంగానో చూస్తారు. భాషాదృష్టితో చూస్తే అది మరొకటి. వైద్యుడు ముందు వినాలి. రోగి తన బాధను తన మాటలోనే చెబుతాడు. ఎక్కడ నొస్తాందో, ఎన్నాళ్ల నుంచి జరం ఇడిసిపెట్టలేదో, ఏం తింటే ఎట్లయితాందో ఆ మాటలో తెలియకపోతే మందు రాయడం కుదరదు. సువార్త కోసం వచ్చినవారికి ఆసుపత్రి వరండా కడప మాండలికాన్ని నిర్బంధంగా నేర్పిన బడి. ఆడవారి మధ్యకు, ఇళ్లలోకి వెళ్లిన బైబిలు స్త్రీల పని కూడా ఇటువంటిదే. చెప్పడానికి ముందు ఇంటివాళ్ల కష్టసుఖాలు వినవలసి వచ్చేది.

అంతర్జాల పరిచర్యలో లోపించినది ఈ వరండాయే. అందులో చెప్పే వేదికలు లెక్కలేనన్ని ఉన్నాయి. వినే చోటు ఒకటే మిగిలింది – ప్రార్థన విన్నపం. ఫోనులో వచ్చే ఆ విన్నపాలు చాలావరకు గొంతు సందేశాలు. వాటి తీరు చూపడానికి నేను కూర్చిన నమూనా వాక్యమిది: “అయ్యా, మా పిల్లోనికి మూడు దినాల నుంచి జరం ఇడిసిపెట్టలా, రొంత ప్రార్థన చేయండయ్యా.” దీన్నే రాతలో పెట్టినప్పుడు సాధారణంగా వచ్చే రూపం: “ఒక సహోదరి కుమారుడు జ్వరముతో బాధపడుచున్నాడు, స్వస్థత నిమిత్తము ప్రార్థించగలరు.” విషయం పోలేదు. పోయింది ‘అయ్యా’ అన్న పిలుపు, రెండుసార్లు. పోయింది తల్లి.

6. సాక్ష్యం: ఎవరి జీవితం, ఎవరి వాక్యం

అంతర్జాల క్రైస్తవ ప్రక్రియల్లో సాహిత్యవిమర్శకు మిక్కిలి విలువైనది సాక్ష్యం. ఇది స్వీయచరిత్ర. ఆత్మకథ రాసుకునే అవకాశం ఏనాడూ లేని వర్గాల నుండి వస్తున్న స్వీయచరిత్ర. ఈ ప్రాంతపు క్రైస్తవ సంఘాల్లో అధికభాగం మాల, మాదిగ కుటుంబాల నుండి ఏర్పడినవన్నది చారిత్రక సత్యం. కాబట్టి సాక్ష్యం దళిత జీవితచరిత్రకు ఆకరం కావాలి. కానీ అంతర్జాలంలో దొరికే సాక్ష్యాలను వరుసగా చదివితే అచ్చు గుద్దినట్లు ఒకే నిర్మాణం ఎదురవుతుంది: పాపజీవితం, సంకటం, పిలుపు, మార్పు. ఊరి పేరుండదు. కులం ఉండదు. ఏ పనిచేసి బతికారో ఉండదు. వాడను, వెట్టిని, ఆకలిని, అవమానాన్ని ‘పాపజీవితం’ అన్న ఒక్క మాట మింగేస్తుంది. ఒకరికి జరిగిన అన్యాయం కూడా వారు చేసిన పాపపు ఖాతాలోనే జమపడే ప్రమాదం ఈ నిర్మాణంలో ఉంది. దీన్ని ఉపేక్షించలేం.

అయితే ఈ మౌనానికి తప్పంతా ప్రక్రియ మీద వేయడం న్యాయం కాదు. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులాల పరిధిలోకి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరణ జరిగింది. క్రైస్తవులకు జరగలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవంలోకి మారినవారిని బి.సి.–సి వర్గంలో చేర్చారు. ఈ పరిస్థితిలో పేరు, ఊరు, కులం, మతం నాలుగూ కలిపి అంతర్జాలంలో నమోదు చేసే సాక్ష్యం కేవలం భక్తిరచన కాదు, అది ఒక దస్తావేజు. కూటంలో లేచి చెప్పిన సాక్ష్యం విన్నవారి జ్ఞాపకంలో ఉంటుంది. అంతర్జాలంలో పెట్టిన సాక్ష్యం పిల్లల చదువు, ఉద్యోగం నాటికి కూడా అక్కడే ఉంటుంది. ‘నేను ఒక పాపిని’ అన్న సాధారణవాక్యం వెనుక భక్తి ఎంత, జాగ్రత్త ఎంత అన్నది వేరుచేసి చదవడం విమర్శకుడి బాధ్యత. మీ పేరుతో, మీ ఊరితో సాక్ష్యం పంపండి అని ఉత్సాహంగా కోరే అంతర్జాల పరిచారకులు కూడా ఈ సంగతి ఆలోచించాలి. విస్తరణ మీద ఉన్న శ్రద్ధ సాక్షి భద్రత మీద లేకపోవడం చిన్నలోపం కాదు.

కడప కథకులు ఈ విషయంలో మనకు కొంత దారి చూపారు. కేతు విశ్వనాథరెడ్డి ఈ జిల్లా పల్లెను కథలోకి తెచ్చారు. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథల్లో ముస్లిం కుటుంబపు లోపలి మాట ఈ ప్రాంతపు పలుకుబడితోనే వినబడుతుంది. క్రైస్తవ ఇంటి లోపలి మాట ఆ స్థాయిలో ఈ నేల నుండి కథగా వచ్చినట్లు నా పఠనంలో కనబడలేదు. ఆ మాట లేక కాదు. ఫోన్లలో, రోజూ, గొంతు సందేశాలుగా అది ప్రవహిస్తూనే ఉంది.

7. సేకరణ గురించి

ఇకపై ఈ రంగంలో పరిశోధన చేయదలచినవారు ముద్రిత పాఠాలతో, వెబ్‌పుటలతో సరిపెట్టుకుంటే పైన చెప్పిన రెండో భాష వారికి దొరకదు. వీడియో ప్రసంగాల్లో వాక్యపఠనం ముగిసి తాత్పర్యం మొదలయ్యే చోటును గుర్తించి, ఆ భాగాన్ని పలికినది పలికినట్లుగా రాసుకోవాలి. ‘వస్తాండాడు’ అన్నదాన్ని ‘వస్తున్నాడు’ అని దిద్దకూడదు. ప్రొద్దుటూరు పట్టణ సంఘంలోని బోధకుడు, పులివెందుల వైపు పల్లెలోని బోధకుడు ఒకే వాక్యానికి చెప్పే తాత్పర్యాలను పక్కపక్కన పెట్టి చూడాలి. సాక్ష్యాల విషయంలో చెప్పినవారి అనుమతి తీసుకోవడంతోపాటు, పేరు, ఊరు తొలగించి భద్రపరిచే పద్ధతిని శాఖలు ముందే నిర్ణయించుకోవాలి. కడపలో బ్రౌన్ నివసించిన చోట వెలసిన గ్రంథాలయం ఈనాడు యోగి వేమన విశ్వవిద్యాలయపు భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. తాళపత్రాలను, రాతప్రతులను ఆదరించిన ఆ కేంద్రం ఈ గొంతులకు కూడా ఒక అర కేటాయించవచ్చు. ఫోను మార్చిన ప్రతిసారీ ఈ సందేశాలు చెరిగిపోతున్నాయి.