తిమోతి గడ్డి మందు మొక్కజొన్నకు చాలునా?

ధాన్యపు పైర్ల పుప్పొడి పడనివారికి గడ్డి పుప్పొడి సారంతోనే ఇమ్యునోథెరపీ చేయవచ్చునన్న వాదం ఎలర్జీ వైద్యంలో బాగా పాతుకుపోయింది. గోధుమ, రై, మొక్కజొన్న అన్నీ గడ్డి కుటుంబానివే కనుక ఒకదానికి అలవాటుపడిన దేహం తక్కినవాటినీ సహిస్తుందని దాని సారాంశం. ఇందులో సగం నిజముంది. ఆ సగం ఎక్కడ ముగుస్తుందో రోగికి చెప్పకపోవడమే నా అభ్యంతరం.

1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ సూదిమందుగా ఇచ్చినది తిమోతి గడ్డి పుప్పొడి సారం. పుప్పొడిలో విషముందని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం నిలవలేదు, చికిత్స నిలిచింది. నాలుక కింద ఉంచుకునే నేటి మాత్రల్లోనూ ఆ తిమోతియే ఉంటుంది. ఐరోపా పొలాల్లో రై పైరు విషయానికి ఈ ఎంపిక సమంజసమే. రై, గోధుమ, బార్లీ, తిమోతి ఒకే ఉపకుటుంబానికి చెందుతాయి. తిమోతిలో ముఖ్యమైన 1వ, 5వ వర్గపు ప్రోటీన్లకు రైలోనూ దగ్గరి పోలికలున్నాయి. గోధుమ, బార్లీ స్వపరాగ సంపర్కంతో గింజ కడతాయి కనుక గాలిలోకి వదిలే పుప్పొడి స్వల్పం; రై మాత్రం మేఘంలా వదులుతుంది. (రైగ్రాస్ అనే పచ్చికకూ రై ధాన్యానికీ పేరులోనే పోలిక, వైద్యుల ఉత్తరాల్లో సైతం ఇవి తారుమారవుతుంటాయి.)

మొక్కజొన్న దగ్గర ఈ వాదం తడబడుతుంది. అది, జొన్న, మరొక ఉపకుటుంబానివి. వాటి పుప్పొడిలో 1వ వర్గపు ప్రోటీను ఉన్నా 5వ వర్గం లేదు. వినాయకచవితి పూజలో వాడే గరికది ఇంకొక శాఖ. అందులోనూ 5వ వర్గం లేదు. తెలంగాణ మొక్కజొన్న చేల నడుమ పెరిగి ఇంగ్లండు చేరినవారికి తిమోతి చర్మపరీక్షలో దద్దురు లేచిందనుకుందాం. జూన్ నెలలో ఇక్కడి తుమ్ములకు తిమోతి మందు సరియైనదే. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు కూడా అదే కాపాడుతుందన్న హామీకి మాత్రం ఆధారం బలహీనం. తిమోతి మాత్రలపై జరిగిన పెద్ద పరీక్షలు కొలిచినది గడ్డి పూతకాలపు బాధలనే. పరీక్షనాళికలో ప్రోటీన్లు పోలడం, చర్మం ఉబ్బడం, రోగికి ఊరట కలగడం మూడు వేర్వేరు సంగతులు.

పైగా ఇది నెలరోజుల మందు కాదు. 2017లో జామా పత్రిక ప్రచురించిన లండన్ అధ్యయనంలో, రెండేళ్ళ చికిత్స ఆపిన ఏడాదికి సూదిమందుగానీ మాత్రగానీ డమ్మీ మందుకన్న మెరుగని తేలలేదు. అందుకే మూడేళ్ళు వాడమంటారు. మూడేళ్ళు కట్టుబడేముందు 1వ, 5వ వర్గాలకూ, గరికకూ ఐజీఈ పరీక్షలు విడివిడిగా చేయించమని నిపుణుణ్ణి అడగవచ్చు. 5వ వర్గానికే స్పందన ఉండి 1వ వర్గానికి లేకుంటే, ఊళ్ళోని తుమ్ములకు కారణం వేరే వెతకాలి.