సన్నిధి ఒక్కటే చాలదు

మునిర్కా పరిసరాలలో లోదీల కాలపు గుమ్మటాలు, నేటి బహుళ అంతస్తుల నివాసాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ పొరుగుతనంలో చూపరికి ఏదో అర్థం స్ఫురిస్తుంది. కాని అర్థం కోసం వాటిని చేర్చినవారెవరూ లేరు; నగరం పెరిగిన తీరు వాటిని చేర్చింది. బౌద్ధశిల్ప విమర్శలో ఈ భేదం తరచుగా విస్మరింపబడుతున్నది.

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలని ప్రాచీన శాస్త్రకారులు నిర్ణయించారు. 'ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు' అన్నప్పుడు సన్నిధి ఉన్నది, ఆకాంక్ష లేదు. కనుక అది వాక్యం కాదు. 'నిప్పుతో తడుపుతున్నాడు' అన్నప్పుడు యోగ్యత లేదు. ధమ్మపదంలోని యమకవగ్గంలో మూడూ సమకూరాయి. అందులోని 20 గాథలు జంటలుగా నడుస్తాయి. మొదటి జంటలో కలుషితమైన మనస్సును దుఃఖం బండిచక్రంలా వెంటాడితే, నిర్మలమైన మనస్సును సుఖం నీడలా అనుసరిస్తుంది. నిర్మాణం ఒక్కటే కావడం వలన ఒక గాథ మరొక గాథను కోరుతుంది.

ఈ ప్రమాణంతో నాగార్జునకొండను పరిశీలించాలి. ఇక్ష్వాకుల కాలపు శిలాపట్టికలలో బుద్ధచరిత్ర ఘట్టాల నడుమ మిథునాలు చెక్కబడి ఉన్నాయి. వీటిని రాగ విరాగాల వైరుధ్యంగా వ్యాఖ్యానించడం సులభం. కాని మిథునాలు ఏదో ఒక ఘట్టానికి కాక, ఘట్టానికీ ఘట్టానికీ నడుమ విరామచిహ్నాలవలె క్రమంగా వస్తాయి. ఇరుగుపొరుగు ఘట్టం మారినా వాటి పని మారదు. కనుక అక్కడ సన్నిధి ఉన్నదే గాని, వైరుధ్యాన్ని కోరే ఆకాంక్ష కనబడదు. వాటిని మంగళసూచకాలుగా, విభాజకాలుగా గ్రహించడమే సముచితం.

అక్కడి కొన్ని విహారాలలో రెండు చైత్యగృహాలు ఎదురెదురుగా ఉండేవి. ఒకదానిలో స్తూపం, మరొకదానిలో బుద్ధప్రతిమ. రెండింటికీ గజపృష్ఠాకారమే, ద్వారాలు పరస్పరాభిముఖాలు. ఇది రాతిలో కట్టిన యమకం. స్తూపారాధన ముగిసి ప్రతిమారాధన మొదలైనదని చెప్పే సరళమైన పరిణామకథ ఈ అమరిక ముందు నిలువదు. ఒక భిక్షుసంఘం రెండింటినీ ఏకకాలంలో ఎదురెదుట నిలుపుకొన్నది.

ఈ విచక్షణ నేడు మరింత అవసరం. నాగార్జునసాగర్ జలాశయం కారణంగా ఆ లోయ మునిగింది. కొన్ని కట్టడాలను ద్వీపం మీదనూ, అనుపులోనూ పునర్నిర్మించారు. శిల్పాలు కొన్ని వస్తుప్రదర్శనశాలలకు చేరాయి. అక్కడి ఇరుగుపొరుగు శిల్పిది కాదు, నిర్వాహకులది. 1954–60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో సాగిన తవ్వకాల నివేదికలూ, పటాలూ తొలి సన్నిధికి సాక్ష్యాలు.

కనుక రెండు వస్తువులు పక్కపక్కన కనబడగానే 'వీటి అర్థమేమి?' అని అడిగే ముందు, 'వీటిని ఇక్కడ చేర్చినదెవరు?' అని అడగాలి. శిల్పియా, కాలమా, ప్రదర్శకుడా? ఈ ప్రశ్న అడగని వ్యాఖ్యానం శిల్పాన్ని చదవదు. తన ఊహనే రాతికి ఆపాదిస్తుంది.